హోటల్ రూమ్ రేటు మనమే చెప్పొచ్చా? పంజాగుట్టలో ఆ రాత్రి నేను నేర్చుకున్నది

బోరబండ నుంచి మళ్ళీ మీ ముందుకు వచ్చేశాను. ఈ రోజు టాపిక్ మీలో చాలామంది అడిగిందే. హోటల్ రూమ్ తక్కువ రేటుకి ఎలా పట్టాలి? ఏ యాప్ చూడాలి? ఏ కూపన్ కొట్టాలి? అన్నీ చెప్తాను. కానీ దానికంటే ముందు నేను అడ్డంగా ఫెయిల్ అయిన ఒక రాత్రి గురించి చెప్పాలి. ఎందుకంటే ఈ రోజు చెప్పే టిప్స్ దాదాపు అన్నీ ఆ రాత్రి నుంచి వచ్చినవే.

పోయిన చలికాలం. మా కాక, చిన్నమ్మ జగిత్యాల దగ్గర మా ఊరి నుంచి హైదరాబాద్ వస్తున్నారు. కాకకి మోకాలి నొప్పి, మెట్లు అసలు ఎక్కలేడు. మర్నాడు పొద్దున్నే నిమ్స్‌లో చూపించుకోవాలి. మా ఇంటికి తీసుకెళ్దామంటే నాది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. సరే, పంజాగుట్టలో నిమ్స్‌కి దగ్గరగా రూమ్ బుక్ చేస్తా అన్నాను.

నేను నాలుగేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో కోడ్ రాసినవాడిని. వీడియోల్లో అందరికీ డీల్స్ చెప్పేవాడిని. నాకెవరు చెప్పాలి? ఫోన్ తీశాను, 'తక్కువ ధర ముందు' అని సార్ట్ చేశాను. 799 రూపాయలకి రూమ్. 'ఒక్కటే మిగిలింది' అని ఎర్రక్షరాల్లో ఉంది. టక్కున నొక్కేశాను. టాక్స్, ఫీజు అన్నీ కలిపి చివరి పేజీకి వచ్చేసరికి 911 అయింది. పర్లేదులే అనుకుని కట్టేశాను. నా పేరు మీద, నా అకౌంట్ నుంచి. నాన్ రిఫండబుల్.

రాత్రి జేబీఎస్‌లో బస్సు దిగి, ఆటోలో పంజాగుట్ట వచ్చేసరికి పదిన్నర అయింది. రిసెప్షన్‌లో నా ఆధార్ ఇచ్చాను. ఆ అబ్బాయి చూసి, "అన్నా, ఇది హైదరాబాద్ అడ్రస్. లోకల్ ఐడీకి మేము రూమ్ ఇయ్యం" అన్నాడు. కాక ఆధార్ జగిత్యాలదే కదా, అది తీసుకో అన్నాను. "బుకింగ్‌లో మీ పేరు ఒక్కటే ఉందన్నా. పేరు నేను మార్చలేను, యాప్ వాళ్ళే మార్చాలి" అన్నాడు.

యాప్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే నలభై నిమిషాలు పాట వినిపించారు. చివరికి ఒకాయన ఎత్తి, "సార్, హోటల్ నియమాల్లో రాసే ఉంది కదా, చూసుకోలేదా?" అన్నాడు. చూశాను. నిజంగానే రాసి ఉంది. కిందికి, ఇంకా కిందికి వెళ్ళి, 'ఇంకా చదవండి' నొక్కితే కనిపించే చోట.

అప్పటికి కాక లాబీలో సోఫా మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. ఒక్కటే మాట అన్నాడు: "పైసలు కట్టినవ్ గదరా, మల్ల రూమ్ ఎందుకియ్యరు?" నా దగ్గర జవాబు లేదు.

అప్పుడు చిన్నమ్మ లేచింది. "నువ్వు ఫోన్ల మాట్లాడుతనే ఉండు బిడ్డా" అని బయటికి నడిచింది. పక్క సందులో ఒక పాత లాడ్జి ఉంది. నేను వెనకాలే వెళ్ళాను. కౌంటర్‌లో పెద్దాయన 1,200 అన్నాడు. చిన్నమ్మ చేతిలో ఉన్న ఆస్పత్రి ఫైలు టేబుల్ మీద పెట్టి, "పదకొండు గొట్టింది. ఇగ ఈ యాళ్ల ఎవరొస్తరన్నా? పొద్దున ఎనిమిదింటికే పోతం. ఎనిమిది నూర్లు తీసుకో" అంది. ఆయన వెయ్యి అన్నాడు. ఈమె కదల్లేదు. 900కి తెగింది. కింది ఫ్లోర్ రూమ్ కూడా ఇచ్చాడు.

ఫ్రెండ్స్, బీటెక్ చదివిన నేను 911 పోగొట్టుకున్నాను. మా చిన్నమ్మ ఏ యాప్ లేకుండా రెండు నిమిషాల్లో 300 తగ్గించింది. ఇదెలా జరిగింది? ఈ రోజు అసలు పాయింట్ అదే.

హోటల్ రూమ్ అనేది కూరగాయల కంటే తొందరగా పాడైపోయే సరుకు. టమాట ఈ రోజు అమ్ముడుపోకపోతే రేపు సగం ధరకైనా పోతుంది. కానీ ఈ రాత్రి ఖాళీగా ఉన్న రూమ్‌ని రేపు పొద్దున ఎవరికీ అమ్మలేరు. ఆ రాత్రి ఆదాయం పోయినట్టే. కరెంటు, స్టాఫ్ జీతాలు, బిల్డింగ్ అద్దె మాత్రం ఎలాగూ కట్టాల్సిందే. ఒక గెస్ట్ అదనంగా వస్తే పెరిగే ఖర్చు దుప్పటి ఉతకడం, నీళ్ళు, సబ్బు, అంతే. కాబట్టి ఖాళీగా ఉంచడం కంటే 900కి ఇవ్వడమే ఓనర్‌కి లాభం. మా చిన్నమ్మ "ఈ యాళ్ల ఎవరొస్తరు" అన్న మాటలో ఈ లెక్క మొత్తం ఉంది.

ఇదే లెక్క మీద అమెరికాలో ఒక కంపెనీ పుట్టింది. ప్రైస్‌లైన్. జే వాకర్ అనే ఆయన పెట్టాడు, 1998లో సైట్ మొదలైంది. 'నేమ్ యువర్ ఓన్ ప్రైస్', అంటే నీ ధర నువ్వే చెప్పు అని. ఆ పద్ధతికి పేటెంట్ కూడా తీసుకున్నారు. స్టార్ ట్రెక్ నటుడు విలియం షాట్నర్‌తో యాడ్స్ చేయించారు. మీకు అన్నయ్యో, బావో చాలా ఏళ్ళుగా అమెరికాలో ఉంటే అడగండి, దీని గురించి తెలిసే ఉంటుంది.

అది ఎలా పనిచేసేదంటే, నువ్వు ఊళ్ళో ఏరియా చెప్పాలి, ఎన్ని స్టార్ల హోటల్ కావాలో చెప్పాలి, తేదీ చెప్పాలి, ఎంత ఇస్తావో చెప్పాలి. కార్డు నంబర్ ముందే ఇచ్చేయాలి. ఏదైనా హోటల్ ఒప్పుకుంటే వెంటనే డబ్బు కట్ అవుతుంది. ఆ తర్వాతే హోటల్ పేరు చెప్తారు. క్యాన్సిల్ లేదు, రిఫండ్ లేదు. బిడ్ ఒప్పుకోకపోతే అదే బిడ్‌ని వెంటనే పెంచి మళ్ళీ వేయడానికి వీల్లేదు. ఏరియానో, స్టార్లో మార్చాలి, లేదా ఒక రోజు ఆగాలి. దానికి జనం ఒక ఉపాయం కనిపెట్టారు. తమకి కావాల్సిన స్టార్ హోటల్ ఒక్కటి కూడా లేని ఏరియాని లిస్టులో కలిపేవాళ్ళు. రూల్ ప్రకారం ఏరియా మారింది, కానీ రూమ్ మాత్రం కోరుకున్న ఏరియాలోనే వస్తుంది. అలా పది డాలర్లు పెంచి మళ్ళీ వేసేవాళ్ళు.

ఇక్కడ ఒక డౌట్ రావాలి మీకు. హోటల్ పేరు ఎందుకు దాచడం? ఎందుకంటే 200 డాలర్ల హోటల్ నేను 90కి ఇస్తున్నా అని బోర్డు పెడితే, రేపటి నుంచి అందరూ 90కే అడుగుతారు. పేరు దాస్తే ఖాళీ రూమూ నిండుతుంది, పరువూ పోదు. మన దగ్గర చీరల షాపాయన "మీకు మాత్రమే ఈ రేటు, బయట ఎవరికీ చెప్పకండి" అంటాడు చూడండి, అదే టెక్నిక్ కంప్యూటర్‌లో పెట్టారు.

తర్వాత ఈ బిడ్డింగ్ మెల్లగా తగ్గిపోయింది. విమాన టికెట్లకి 2016లో ఆపేశారు, తర్వాత మిగతావాటికీ ఆగిపోయింది. ఎందుకంటే చాలామందికి పేరు తెలియకుండా డబ్బు కట్టాలంటే భయం, వెయిట్ చేసే ఓపిక లేదు. దాని బదులు ధర చూపించి పేరు దాచే ఎక్స్‌ప్రెస్ డీల్స్ వచ్చాయి. ఆ కంపెనీ 2005లో బుకింగ్ డాట్ కామ్‌ని, 2007లో అగోడాని కొనేసింది. ఇప్పుడు మీరు వాడే ఆ రెండు యాప్‌లూ ఆ ఇంట్లోవే.

ఇక మన దేశానికి వద్దాం. మన దగ్గర బిడ్డింగ్ అలవాటు కాలేదు, డిస్కౌంట్ అలవాటైంది. మేక్‌మైట్రిప్ 2000లో మొదలైంది. ఓయో 2013లో వచ్చింది. 2017లో గోఐబిబో, మన తెలుగువాడు ఫణీంద్ర సామ వాళ్ళు మొదలుపెట్టిన రెడ్‌బస్, రెండూ మేక్‌మైట్రిప్ గూటికి చేరాయి. యాప్ తెరిస్తే 70 శాతం ఆఫ్, 65 శాతం ఆఫ్. కొట్టేసిన రేటు 3,499, ఇప్పుడు 1,049. ఫ్రెండ్స్, ఆ 3,499కి ఆ రూమ్‌ని ఎవరైనా ఎప్పుడైనా తీసుకున్నారా అని ఒక్కసారి ఆలోచించండి. కొట్టేసిన నంబర్‌ని అసలు చూడొద్దు. చివరి పేజీలో కట్టాల్సిన మొత్తం ఒక్కటే చూడండి.

ఆ యాప్ ఉచితంగా పనిచేయదు కదా. హోటల్ దగ్గర కమీషన్ తీసుకుంటుంది. ఉదాహరణకి 1,500 రూమ్ మీద 20 శాతం కమీషన్ అనుకుందాం. 300 యాప్‌కి, 1,200 హోటల్‌కి. ఇప్పుడు మీరు డైరెక్ట్‌గా ఫోన్ చేసి 1,300కి ఇస్తారా అని అడిగితే? మీకు 200 మిగులుతుంది, హోటల్‌కి 100 ఎక్కువ వస్తుంది. ఇద్దరికీ లాభమే.

మరి హోటల్ వాళ్ళే తమ సైట్‌లో ఆ తక్కువ రేటు పెట్టుకోవచ్చు కదా? ఇక్కడే అసలు గొడవ. 2022 అక్టోబర్‌లో కాంపిటిషన్ కమిషన్ ఆఫ్ ఇండియా ఒక పెద్ద ఆర్డర్ ఇచ్చింది. మేక్‌మైట్రిప్-గోఐబిబోకి 223.48 కోట్లు, ఓయోకి 168.88 కోట్లు జరిమానా. కమిషన్ తప్పుపట్టిన వాటిలో ఒకటి ఈ పద్ధతి: హోటల్ తన సొంత సైట్‌లో కానీ, వేరే యాప్‌లో కానీ మా కంటే తక్కువ రేటు పెట్టకూడదు అని మేక్‌మైట్రిప్-గోఐబిబో హోటళ్ళతో రాయించుకున్న షరతు. ఇంకొకటి, ఓయోతో ఒప్పందం వల్ల ట్రీబో, ఫ్యాబ్‌హోటల్స్ లాంటి పోటీవాళ్ళని లిస్టు నుంచి తీసేయడం. ఆ షరతులు తీసేయమని కమిషన్ చెప్పింది. కంపెనీలు దాని మీద అప్పీల్‌కి వెళ్ళాయి, అది వేరే కథ. మనకి కావాల్సింది ఒక్కటే. స్క్రీన్ మీద అన్ని చోట్లా ఒకే రేటు కనిపిస్తే, అది రూమ్ అసలు విలువ అయ్యే ఉంటుందని లేదు. స్క్రీన్ మీద పెట్టలేని రేటు ఫోన్‌లో నోటితో చెప్పొచ్చు.

అంటే మన దగ్గర బిడ్డింగ్ సైట్ ఏంటో తెలుసా? రిసెప్షన్ ఫోన్ నంబర్.

పదిహేను రోజుల తర్వాత కాక రివ్యూకి మళ్ళీ వచ్చాడు. ఈసారి నేను ఏం చేశానో ఒక్కో స్టెప్ చెప్తాను, ఇదే మీరూ చేయండి.

మొదటిది, ఏరియా మార్చాను. నిమ్స్ పంజాగుట్టలో ఉంది కాబట్టి అందరూ పంజాగుట్ట, అమీర్‌పేటలోనే వెతుకుతారు. మైత్రీవనం చుట్టూ కోర్సులకి వచ్చే పిల్లలు, ఇంటర్వ్యూలకి వచ్చేవాళ్ళు, ఆస్పత్రికి వచ్చేవాళ్ళు, అందరిదీ అదే వెతుకులాట. కానీ మెట్రో రెడ్ లైన్‌లో ఎర్రగడ్డ నుంచి పంజాగుట్టకి నాలుగు స్టేషన్లే. ఈఎస్ఐ, ఎస్.ఆర్. నగర్, అమీర్‌పేట, తర్వాత పంజాగుట్ట. మెట్రో స్టేషన్లలో లిఫ్ట్ ఉంటుంది, కాకకి ఇబ్బంది లేదు. అందుకే ఎర్రగడ్డ వైపు చూశాను.

రెండోది, యాప్‌లో ఒక రేటు పట్టుకున్నాను. లిఫ్ట్ ఉన్న హోటల్, వెస్టర్న్ టాయిలెట్, చివరి పేజీలో అన్నీ కలిపి రోజుకి 1,340. ఫ్రీ క్యాన్సిలేషన్ ఉన్నది చూసి, కాక పేరు మీద బుక్ చేసి పెట్టుకున్నాను. ఎంత వరకు ఫ్రీగా క్యాన్సిల్ చేయొచ్చో ఆ టైమ్‌కి ఫోన్‌లో అలారం పెట్టాను. ఒక్కటే బుక్ చేయండి ఫ్రెండ్స్. నాలుగు చోట్ల బుక్ చేసి మూడు వదిలేస్తే ఆ రూమ్‌లు దొరకనిది మనలాంటి ఇంకో కుటుంబానికే.

మూడోది, ఫోన్. చెకిన్, చెకవుట్ల హడావుడి అయిపోయాక, మధ్యాహ్నం మూడు, నాలుగు మధ్యలో చేయండి. మేనేజర్ ఉన్నారా అని అడగండి. నేను మాట్లాడింది ఇదే: "అన్నా, యాప్‌లో మీ రూమ్ 1,340 చూపిస్తోంది. అందులో వాళ్ళ కమీషన్ పోతే మీకు తక్కువే వస్తుంది కదా. రెండు రాత్రులు ఉంటాం, ఇద్దరు పెద్దవాళ్ళు, ఆస్పత్రి పని. జీఎస్టీతో కలిపి 1,150కి చేస్తారా?" ఆయన కాసేపు ఆగి 1,200 అన్నాడు. సరే అన్నాను. కానీ ఇంకొకటి అడిగాను: "బస్సు పొద్దున ఆరింటికి దిగుతుంది. అప్పుడే రూమ్ ఇవ్వాలి." "ముందు రోజు రూమ్ ఖాళీగా ఉంటే ఇస్తా, సాయంత్రం ఒకసారి ఫోన్ చేయండి" అన్నాడు. చేశాను, ఇచ్చాడు. ఆ తర్వాతే యాప్ బుకింగ్ క్యాన్సిల్ చేశాను.

రేటులో మిగిలింది రోజుకి 140 రూపాయలే. పెద్ద ఘనత కాదు. కానీ పొద్దున ఆరింటికి రూమ్ దొరకడం చూడండి, అక్కడ ఉంది అసలు ఆదా. యాప్‌లో ఎక్కువ హోటళ్ళకి చెకిన్ మధ్యాహ్నం పన్నెండుకి. నైట్ బస్సులో వచ్చేవాళ్ళు పొద్దున్నే దిగాలంటే ముందు రోజుకి కూడా కట్టాలి. అందుకే కొన్ని పాత లాడ్జిల్లో ఉండే 24 గంటల చెకవుట్ గురించి అడగండి. మీరు దిగిన టైమ్ నుంచి 24 గంటలు. పొద్దున దిగి ఆస్పత్రి పని చూసుకుని రాత్రి బస్సు ఎక్కేవాళ్ళకి అది బంగారం.

ఒంటరిగా ఇంటర్వ్యూకి వచ్చే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు, మీకైతే అమీర్‌పేట, ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ళలో కొన్ని రోజు లెక్కన బెడ్ ఇస్తాయి. అది కూడా అడిగి చూడండి.

అయితే ఎప్పుడూ ఫోనే గెలుస్తుందా? లేదు. కొన్నిసార్లు యాప్‌లో అదనంగా డిస్కౌంట్ వస్తుంది. కొత్త యూజర్ ఆఫర్, బ్యాంక్ కార్డు ఆఫర్, బుకింగ్ డాట్ కామ్‌లో లాగిన్ అయితే వచ్చే జీనియస్ పది శాతం లాంటివి. ఆ రేటుని హోటల్ అందుకోలేకపోతే హాయిగా యాప్‌లోనే తీసుకోండి. మీకు తెలియని ఊళ్ళో, రాత్రిపూట, ఒంటరిగా దిగేటప్పుడు కూడా రివ్యూలు చదివి ముందే బుక్ చేసుకోవడమే మంచిది. చిన్నమ్మలా రాత్రి పదకొండింటికి బేరం ఆడటం అందరికీ, అన్నిచోట్లా కుదరదు. పెళ్ళి ముహూర్తాలు, పెద్ద పోటీ పరీక్షలు, ఉప్పల్‌లో ఐపీఎల్ మ్యాచ్ ఉన్న రోజుల్లో బేరం పనిచేయదు. రూమ్‌లు ఎలాగూ నిండుతాయని వాళ్ళకి తెలుసు. అలాంటి రోజులకి ముందే బుక్ చేయాలి.

ఇప్పుడు జాగ్రత్తలు. ఇవి ఫాస్ట్‌గా చెప్తాను, కానీ స్కిప్ చేయొద్దు.

ఒకటి. రూమ్‌లో ఎవరు ఉంటారో వాళ్ళ పేరు మీదే బుక్ చేయండి. ఇంకొకరి కోసం బుక్ చేస్తున్నా అనే ఆప్షన్ ఉంటుంది. నేను చేయని పని అదే.

రెండు. హోటల్ నియమాలు కింద వరకు చదవండి. లోకల్ ఐడీ ఒప్పుకుంటారా లేదా అని తప్పకుండా చూడండి. ఇది హోటల్ సొంతంగా పెట్టుకున్న రూల్. ఒక్కో హోటల్‌లో ఒక్కోలా ఉంటుంది. హైదరాబాద్ ఆధార్ ఉన్నవాళ్ళు హైదరాబాద్‌లో బుక్ చేస్తుంటే ఒక ఫోన్ చేసి అడిగేయండి.

మూడు. టాక్స్ లెక్క. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకి 7,500 వరకు ఉన్న రూమ్‌లకి జీఎస్టీ 5 శాతం. అంతకుముందు 12 ఉండేది. వెయ్యి రూపాయల రూమ్‌కి 50. అంతకంటే చాలా ఎక్కువ కనిపిస్తే మిగతాది ఏంటో నొక్కి చూడండి, ఫీజో ఇన్సూరెన్సో కలిపి ఉంటారు.

నాలుగు. 'ఒక్కటే మిగిలింది', 'పది మంది చూస్తున్నారు'. తొందరపెట్టడానికి ఇలా అబద్ధం చెప్పడం, చివరి పేజీలో చార్జీలు బయటపెట్టడం, అడగకుండా ఏదో ఒకటి బిల్లులో కలపడం, ఇవన్నీ 2023 నవంబర్‌లో కేంద్రం విడుదల చేసిన డార్క్ ప్యాటర్న్స్ గైడ్‌లైన్స్ ప్రకారం చేయకూడని పనులు. మొత్తం 13 రకాలు రాశారు. ఆ ఎర్రక్షరాలు చూసి వేలు ఆగకపోతే, ఫోన్ పక్కన పెట్టి ఒక చాయ్ తాగి రండి.

ఐదు. హోటల్ వాళ్ళు రూమ్ లేదంటే కోపంతో మీరు క్యాన్సిల్ నొక్కొద్దు. నొక్కితే కస్టమరే క్యాన్సిల్ చేసుకున్నాడని రికార్డ్ అవుతుంది. రిసెప్షన్‌లో నిలబడే యాప్ వాళ్ళకి ఫోన్ చేసి, హోటల్ వాళ్ళతో మాట్లాడించండి. స్క్రీన్‌షాట్లు, టైమ్ అన్నీ పెట్టుకోండి. న్యాయం జరగకపోతే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915.

ఆరు, ఇది చాలా ముఖ్యం. ఫోన్ చేసి బేరం ఆడమన్నాను కదా అని గూగుల్‌లో దొరికిన ప్రతి నంబర్‌ని నమ్మొద్దు. హోటల్ పేరుతో దొంగ నంబర్లు పెట్టి, అడ్వాన్స్ పంపండి అని క్యూఆర్ కోడ్ పంపేవాళ్ళు ఉన్నారు. హోటల్‌కి వెళ్ళాకే కడతా అనండి. ఒప్పుకోకపోతే వదిలేయండి, ఇంకో హోటల్ ఉంది. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

ఇంతే ఫ్రెండ్స్. నేను అంతకుముందు చేసిన తప్పు ఏంటంటే, రేటు ఒక్కటే చూశాను. ఎవరి కోసం బుక్ చేస్తున్నానో చూడలేదు. మెట్లు ఎక్కలేని మనిషికి, రాత్రి పదిన్నరకి, తలుపు తీసే రూమ్ కావాలి. అది చూసుకున్నాక రేటు తగ్గించుకుందాం, తప్పు లేదు, అడిగితే పోయేదేం లేదు.

కాకకి ఇప్పుడు పర్లేదు, నెమ్మదిగా నడుస్తున్నాడు. మొన్న ఫోన్ చేస్తే చిన్నమ్మ అడిగింది, "మల్ల నెల వస్తం బిడ్డా, రూమ్ నువ్వు జూస్తవా, నన్నే జూస్కోమంటవా?" అని. నేనే చూస్తా చిన్నమ్మా, ఈసారి ఫోన్ చేసి అడిగే చూస్తా అన్నాను.

మీ ఇంట్లో కూడా ఇలా బేరం ఆడే చిన్నమ్మో, అత్తయ్యో ఉంటే ఈ వీడియో వాళ్ళకి చూపించండి. మీకు హోటల్ దగ్గర ఎదురైన అనుభవం కామెంట్‌లో రాయండి, చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి, నమస్తే.